ప్రార్థన నూనె

ఎల్బీనగర్ దవాఖానలో ఐసీయూ ముందు, పాస్టరుతో వచ్చిన సువార్తమ్మ చేయి పట్టుకుంది భూలక్ష్మి.

"మీ ప్రార్థనకు రోగాలు పోతయంట. నా బిడ్డ బతుకుతదని ఒక్క మాట చెప్పక్కా."

పాస్టరు నూనె సీసా మూత తీశారు. "నీకు సంపూర్ణ విశ్వాసం ఉందా తల్లీ? ఉంటేనే స్వస్థత."

సువార్తమ్మ చేయి అడ్డం పెట్టింది. "గట్ల అడగకుండ్రి అయ్యగారు. నా కొడుకు పోయినప్పుడు, నాకు విశ్వాసం చాలలేదన్నరు సంఘంల."

భూలక్ష్మి పట్టుకున్న చేయి వదిలేసింది.

"అంటే, నీ ప్రార్థన గూడ పనిచెయ్యలే. మరెందుకొచ్చినవ్?"

సువార్తమ్మ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"ఆనాడు నా పక్కన ఎవ్వరు కూసోలే, చెల్లె."

భూలక్ష్మి తాను పరుచుకున్న దుప్పటిని కొంచెం ఆమె వైపు జరిపింది.