సముద్రపొడ్డు కాఫీ క్లబ్బు

గుండు కనబడగానే ఆదిమూలానికి ఒళ్ళు మండింది.

"ఈడ కూడా గుండేనా!" అన్నాడు భార్యతో, ఆ మనిషికి వినబడేటట్టే.

తిరుపతి బస్టాండు పక్కన ఆదిమూలానికి భోజన హోటలుంది. తెల్లారి లేస్తే గుండ్లే. గుండ్లు, గోవింద నామాలు, మైకు సెట్లు, ఆకుల దగ్గర తోపులాట. నాయుడుపేటలో బస్సు దిగి, జట్కా మాట్లాడుకుని ఇంత దూరం సముద్రానికి వస్తే, ఎదురుగా మళ్ళీ నున్నటి గుండొకటి నిలబడింది.

చోటు మాత్రం బాగుందని లోలోపల ఒప్పుకోక తప్పలేదు. సరుగుడు చెట్ల నీడన తాటాకు పందిరి. శుభ్రంగా తుడిచిన బల్లలు. ఎవరూ అరవడం లేదు, ఎవరూ తొందరపడడం లేదు.

జ్ఞానాంబ ఇవేవీ చూడలేదు. ఆమె కళ్ళు వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి. కొడుకు కోసం.

కొడుకు ప్రేమానందం ఇల్లు వదిలి మూడేళ్ళయింది. గొడవ పెద్దదేం కాదు. నెమ్మదిగా తింటున్న ఒక ముసలాయన్ని "బిన్నే తిని లేయప్పా, వెనక జనముండారు" అని ఆదిమూలం గదమాయించాడు.

"తినే మనిషిని లేపొద్దు నాయనా," అన్నాడు కొడుకు, నలుగురిలో.

"అంత దయ ఉంటే నువ్వే లేచి పో!"

వాడు పోయాడు. ఆ పోవడం పోవడమే.

మొన్న ఎండాకాలంలో నాయుడుపేట యాత్రికుడొకాయన అన్నం తింటూ చెప్పాడు. "సముద్రపొడ్డున కాఫీ క్లబ్బు ఒకటుండాదప్పా. నిమ్మళంగా తినొచ్చు. తిండి అమృతం. నడిపే పిల్లోడు అచ్చం నీ మాదిరే ఉంటాడు. పేరు ప్రేమానందం."

ఆ రోజు నుంచి జ్ఞానాంబ పోరు పెట్టింది. "ఈ రద్దీ పోనీ", "బ్రహ్మోత్సవాలు కానీ" అని దాటేసి దాటేసి, కార్తీకం వచ్చాక కదిలాడు ఆదిమూలం. అదీ ఒక షరతు మీద.

"మనమెవురో చెప్పొద్దు. వాడే వచ్చి పలకరించల్ల."

గుండు మనిషి ఆకులు వేసి నీళ్ళు పెట్టాడు. పేరడిగితే మునస్వామి అన్నాడు.

"మా కొండకి ఎప్పుడొచ్చినావప్పా మునస్వామీ?"

మునస్వామి అన్నం వడ్డించాడు.

"ఏం మొక్కుకుంటివి? దేవుడు ఇచ్చినాడా, చెయ్యిచ్చినాడా?" ఆదిమూలం తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు.

"తినండి సామీ, తర్వాత చెప్తా. తినేవాళ్ళ దగ్గర మన గోల ఎత్తగూడదని మా ఓనరు మాట."

ఆ మాట తనకే తగిలినట్టయింది ఆదిమూలానికి. మూతి ముడుచుకున్నాడు.

జ్ఞానాంబ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కాల్చిన వంకాయ, చెనక్కాయలు రోట్లో కచ్చాపచ్చాగా నూరిన ఊరుబిండి. ఈ సముద్రపొడ్డున దాన్ని చేసేవాళ్ళెవరు?

"ఎవురు నేర్పించినారు నాయనా?"

"మా ఓనరేనమ్మా. వాళ్ళమ్మ ఇట్లే చేస్తాదంట."

ఆమె కళ్ళు నిండిపోయాయి. బల్ల కింద మొగుడి కాలు తొక్కింది.

ఆదిమూలం తలెత్తలేదు. మారు అన్నం పెట్టించుకున్నాడు. మూడేళ్ళుగా గల్లాపెట్టె పక్కన నిలబడే మెతుకులు మింగుతున్నాడు. ఇవాళే కూర్చుని తింటున్నాడు. వాడు చెప్పింది ఇదే కదా. ఎంత మూర్ఖుణ్ణి నేను, అనుకున్నాడు. వాడు వచ్చేదాకా పలకననే పంతం ఎప్పుడు జారిపోయిందో ఆయనకే తెలియదు. తనే ముందు పిలుస్తాడు. "రారా ఇంటికి, హోటలు నీ ఇష్టమొచ్చినట్టు నడుపుకో" అంటాడు.

"మీ ఓనరు యాడప్పా?"

"మజ్జిగ తెస్తా సామీ."

సరుకులకు పోయుంటాడు, అనుకున్నాడు ఆదిమూలం.

చేతులు కడుక్కున్నారు. జ్ఞానాంబ ఉండబట్టలేక పందిరి చుట్టూ తిరిగి వంటింటి వెనక్కి వెళ్ళింది.

"ఇంగ చెప్పప్పా," అన్నాడు ఆదిమూలం. "ఓనరు వచ్చేదాకా మేము ఈడే కూచుంటాం."

"రాడు సామీ." మునస్వామి తువ్వాలుతో బల్ల తుడుస్తూనే ఉన్నాడు. "పచ్చకామెర్లు. దీపావళి నాడు పోయినాడు."

ఆదిమూలం పందిరి గుంజ పట్టుకున్నాడు.

"వాళ్ళవాళ్ళకు... చెప్పలేదా?"

"ఎంత అడిగినా ఊరు చెప్పలేదు సామీ. 'మా నాయనకు రద్దీ, పిలిచినా రాడు' అనేసినాడు."

వంటింటి వెనక నుంచి జ్ఞానాంబ గొంతు వినిపించింది. "ప్రేమా... ఒరే ప్రేమా..."

మునస్వామి చేతిలోని తువ్వాలు ఆగింది. అటు చూశాడు. తర్వాత ఆదిమూలం మొహంలోకి చూశాడు. నున్నటి తల ఒకసారి తడుముకుని, రెండు చేతులూ జోడించాడు.

"మన్నించండి సామీ. నేను చేపలు పట్టేవాణ్ణి, మంత్రాలు రావు. మీరు చేయాల్సిన కర్మ, నాకు తెలిసిన కాడికి నేనే చేసినాను."