ఫియట్‌కి కొత్త గొంతు

"ఇది సైలెన్సరా అండీ, డప్పా?"

విజయవాడ ఆటోనగర్‌లో తన షెడ్డు ముందు ఆగిన పాత ఫియట్ కారు కిందికి తొంగి చూసి అడిగాడు కిరీటి.

స్టీరింగ్ ముందు కూర్చున్న శాంతకుమారి గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. డెబ్భై దాటిన మనిషి. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఉయ్యూరు నుంచి చెరకు లారీల మధ్య ఆ డప్పు వాయించుకుంటూ తనే నడుపుకొచ్చారు.

"డప్పో, డోలో తేల్చడానికేగా నీ దగ్గరికొచ్చాను. ఈ బండికి సామాన్లు దొరకడం మానేసి ఏళ్లయింది. నువ్వు చేత్తో తయారుచేస్తావటగా. మా ఆయన నడిపినప్పుడు ఎలా పలికేదో అలాగే పలకాలి."

"అప్పుడెలా పలికేదండీ?"

"కవ్వంతో మజ్జిగ చిలికినట్టు."

కిరీటికి సరదా వేసింది. భయమూ వేసింది. మంచి ఉద్యోగం వదిలేసి, పాత కార్లకి ఎగ్జాస్ట్ పైపులు చేస్తానంటూ షెడ్డు తెరిచాడు. వచ్చేవన్నీ ఆటోలే. ఉగాదిలోగా పేరున్న బండి ఒక్కటైనా చేసి చూపించకపోతే షెడ్డుకి తాళం వేసి మళ్లీ ఉద్యోగంలో చేరాల్సిందేనని వాళ్ల నాన్న రామకోటేశ్వరరావు గారు తేల్చి చెప్పేశారు.

ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, శాంతకుమారి గారికి తెలుసు.

"పాత కార్లవాళ్ల వాట్సాప్ గ్రూపు నాదే. బాగా చేశావా, గ్రూపంతా నీ షెడ్డు ముందుంటుంది. చెడగొట్టావా, అదీ గ్రూపులోనే పెడతాను," అన్నారు నవ్వుతూ.

ఇంకేముంది, కిరీటి పనిలో పడ్డాడు. స్టీలు గొట్టంలో కృష్ణ ఇసుక దట్టించి, కాల్చి, ఎక్కడా సొట్ట పడకుండా వంచాడు. వెల్డరు బాబీ అతుకులు వేశాడు. శాంతకుమారి గారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కూర్చుని ఊరుకుంటే బాగుండేది. టీ కొట్టాయన్ని, పక్క షెడ్డు వాళ్లని పిలిచి కబుర్లు మొదలుపెట్టారు. ఆఖరికి బాబీని కూడా వదల్లేదు.

"పని చెడితే మీ ఓనరు తిడతాడా?"

"తిట్టడండీ. పాటలు పాడతాడు. అదే మా బాధ."

సాయంత్రానికి పైపు బిగించి స్టార్ట్ చేస్తే ఫియట్ హుందాగా పలికింది. కిరీటి మొహం వెలిగిపోయింది.

"మరీ మెత్తగా ఉందబ్బాయ్. విప్పెయ్," అన్నారు శాంతకుమారి గారు.

మర్నాడు విప్పాడు. లోపలి గొట్టం మార్చి మళ్లీ బిగించాడు.

"ఇప్పుడు మరీ గట్టిగా ఉంది. మా వీధి కుక్కలు ఊరుకోవు. విప్పెయ్."

బాబీ చేతిలో రెంచీ కింద పడేశాడు. కిరీటి గుక్కెడు నీళ్లు తాగి, ఏదో పాట అందుకుని, మళ్లీ కారు కిందికి దూరాడు.

మధ్యాహ్నం ఆవిడ తను తెచ్చిన పులిహోర గిన్నె అతని చేతిలో పెట్టారు. సాయంత్రం కిరీటి గిన్నె శుభ్రంగా కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు జామకాయలు వేసి మరీ ఇచ్చాడు. శాంతకుమారి గారు ఆ జామకాయల్ని సైలెన్సర్ కన్నా శ్రద్ధగా చూశారు. "సరే, ఇప్పటికి బాగానే ఉంది," అంటూ కారు తీసుకెళ్లిపోయారు. గ్రూపు ఊసు మాత్రం ఎత్తలేదు.

వారం తిరక్కుండానే ఫియట్ మళ్లీ వచ్చింది. ఈసారి బుస్సుమంటోంది.

"ఇదేం పనయ్యా? నలుగురిలో నా పరువు తీశావు. ఇప్పుడే గ్రూపులో పెట్టేస్తాను," ఫోన్ బయటికి తీశారు ఆవిడ.

ఒక్క మెసేజ్ చాలు, షెడ్డుకి తాళం పడటానికి. అయినా కిరీటి ఇంజన్ ఆపకుండానే కారు కిందికి దూరాడు. పైపు చివర గుడ్డ కుక్కి, పొడవునా సబ్బు నురగ రాసి చూశాడు. వంపు దగ్గర బుడగలు లేచాయి. చీపురుపుల్ల దూరేంత చిల్లు!

"అన్నా, ఇది మన అతుకు దగ్గర కాదు..." అనబోయాడు బాబీ.

కిరీటి కళ్లతోనే ఆపాడు.

"మా దగ్గర్నుంచి వెళ్లిన పైపండీ. బాధ్యత నాదే. పాపం ఎండలో అంత దూరం వచ్చారు, ముందు కూర్చోండి మామ్మగారూ. ఫ్యాను ఇటు తిప్పుతాను."

చిల్లు పూడ్చి, నున్నగా అరగదీసి, స్టార్ట్ చేశాడు. శాంతకుమారి గారు కళ్లు మూసుకుని విన్నారు. చాలాసేపు విన్నారు. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"ఆయన ఇంటికొస్తున్నట్టుందయ్యా," అన్నారు. అతని ఎదుటే గ్రూపులో నాలుగు మంచి ముక్కలు టైపు చేసి, ఫియట్ చప్పుడు కూడా రికార్డు చేసి పెట్టారు.

ఆవిడ కారు మలుపు తిరిగేలోపే కిరీటి ఫోన్ మోగింది. గుడివాడలో ఎవరిదో పాత జీపు. ఆ వెంటనే తెనాలి నుంచి ఓ అంబాసిడర్. కిరీటి సంతోషం పట్టలేక బాబీని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. తర్వాత నాన్నకి ఫోన్ చేసి, ఇక షెడ్డుకి తాళం కొనక్కర్లేదని చెప్పాడు.

కంకిపాడు దాటాక శాంతకుమారి గారు కారు పక్కకి ఆపి, మనవరాలు హరిచందనకి ఫోన్ కలిపారు.

"రెండుసార్లు విప్పించాను, ఆఖరికి డ్రిల్లు పట్టుకుని చిల్లు కూడా నేనే పెట్టాను, అయినా అబ్బాయి ఒక్క మాట విసుక్కోలేదే, ఆదివారం నీ పెళ్లిచూపులకి రమ్మని వాళ్లకి కబురు పెట్టమను మీ నాన్నని!"