పువ్వు ఒకటే, వాసన వేరు

ఆరుద్ర కార్తె మొదటి సోమవారం, పొద్దువాలే వేళ, చీమలపుట్టలో ఉండే ఆరుద్రపురుగు తన నేస్తం మిణుగురును చూడాలని తేనెపట్టు గడపకు వచ్చింది.

పుట్టలో ఎవరి రహస్యపు పువ్వును వాళ్లు చాటుగా మట్టితో నలిపితే, కావలి చీమ ఆ వాసనను ముందు దాచి ఉంచినదానితో పోల్చుకుని లోపలికి పంపేది. పువ్వేదో దానికీ తెలియదు. పుట్టవాళ్లు వస్తే పోల్చుకోవడానికని, దాచిన ఆ వాసనలన్నీ చీమలు ముందే తేనెపట్టుకూ పంపాయి.

కావలి తేనెటీగ మాత్రం ఆరుద్ర చేత పువ్వును మైనంతో నలిపించింది. "వాసన కలవలేదు తల్లీ."

"మేం మట్టితో నలుపుతాం అక్కా. పువ్వు అదే. కావాలంటే పేరు చెబుతాను."

"చెప్పకు. అది నీ ఒక్కదానిదే."

లోపల మిణుగురు వెలుగు మినుకుమంది. ఆరుద్ర అటే చూస్తూ గడపలోనే ఉండిపోయింది.

తెల్లవారగానే తేనెటీగలు పుట్ట నుంచి చిటికెడు మట్టి తెచ్చి, మైనం పక్కన పెట్టాయి.

"ఇప్పుడు మీ మట్టితో నలుపు తల్లీ."