కాంటా గేటుకు అడ్డంగా బండి

నంబరు పిలవకముందే చెరకు బండిని తోలుకొచ్చి, కాంటా గేటుకు అడ్డంగా నిలిపి, ఎడ్లను విప్పేశాడు ఆ రైతు. చలికి తలా చెవులూ కలిపి తువ్వాల చుట్టుకున్నాడు. చెరకు మోపుల మీద తీరుబడిగా కూర్చుని, ఒక గడ విరిచి నమలసాగాడు.

మైకు మొదలైంది. బండి తియ్యమంది, ఎవడిదా బండి అంది, తియ్యకపోతే చెరకు కొనేది లేదంది. రెంజల్ సంత దాకా వినపడేంత గొంతు దానిది. బండి మీది మనిషి తల కూడా తిప్పలేదు.

బోధన్ దారిలోని ఆ చిన్న మిల్లులో అన్నిటికీ మైకే. యార్డు సూపర్‌వైజర్ రామ్‌దాస్ గదిలో కూర్చుని నంబరు పిలుస్తాడు, ఆ బండి కాంటా మీదికి పోవాలి. వినిపించుకోకపోతే ఆ నంబరు పోయినట్టే, మళ్లీ చివరి నంబరు తీసుకోవాలి. ఈలోగా కోసిన చెరకు ఎండి తేలికైపోతుంది. ఏడాది కష్టం కళ్లముందే ఆవిరైపోతుంది. చెవులున్న వాళ్లకు ఇదంతా సబబుగానే తోచేది.

చెవులు వినపడని కాశయ్య నంబరు అలాగే రెండుసార్లు పోయింది. గోడకున్న నల్లబోర్డు మీద నంబర్లు రాయమని నిన్న కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు కూడా. ఒక్కడి కోసం మిల్లు పద్ధతి మారదని, వినపడకపోతే ఎవరినైనా తోడు తెచ్చుకోమని రామ్‌దాస్ తల ఎత్తకుండానే చెప్పాడు. చెప్పేది కాశయ్యకు వినపడదన్న సంగతి అప్పుడూ ఆయనకు గుర్తు రాలేదు.

ఇవాళ మాత్రం గది దిగి రాక తప్పలేదు. లోపల గానుగ ఖాళీగా తిరుగుతోంది.

బండి మీది మనిషిని చూడగానే రామ్‌దాస్‌కు విషయం అర్థమైపోయింది. "చెవులు ఇనరాకపోతే ఎవలనన్న తోలుకొని రమ్మని నిన్ననే చెప్పిన గద, కాశయ్యా" అని గొంతు చించుకున్నాడు. ఆ మనిషి చెరకు పిప్పి ఊసి, ఇంకో ముక్క కొరికాడు.

రామ్‌దాస్ ఎడ్లను చూపించాడు, గేటును చూపించాడు, చేతులు ఊపాడు, చివరికి దండం పెట్టాడు. హమాలీలను పిలిచి బండి నెట్టమన్నాడు. వాళ్లు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, బరువు బాగా ఉందని చెప్పి బీడీలు ముట్టించారు. యార్డులో ఇంతమంది రైతులున్నా ఒక్కరూ కలగజేసుకోలేదు. కొందరైతే అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు.

అప్పుడు నోరు విప్పాడు బండి మీది మనిషి.

"ఏదన్న ఉంటే రాసి చెప్పున్రి సార్. గా బోర్డు ఎందుకున్నట్టు?"

గానుగ ఖాళీగా ఎందుకు తిరుగుతోందని మేనేజరు మేడ మీది నుంచి కేకేశాడు. రామ్‌దాస్ పళ్లు కొరుకుతూ సుద్దముక్క తెప్పించుకుని, 'బండి తియ్యి' అని రాశాడు. ఆ మనిషి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు, కదల్లేదు.

"నేను బండి తీస్తే మీరు బోర్డు తుడిపేస్తరు. రోజు నంబర్లు గీడనే రాస్తమని గూడ రాయున్రి."

మేనేజరు రెండో కేక వేశాడు. రామ్‌దాస్ రాశాడు. 'ఇకనుంచి నంబర్లు ఇక్కడే' అని యార్డంతా చూస్తుండగా పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద ఆ పూట పిలవాల్సిన నంబరు వేశాడు. ఆ మనిషి దిగి, ఎడ్లను కట్టి, బండిని పక్కకు మళ్లించాడు.

ఎవరూ పిలవలేదు, మైకు పలకలేదు. యార్డు చివరి నుంచి ఒక బండి కదిలి నేరుగా కాంటా దగ్గరికి వచ్చింది. దాన్ని తోలుతున్న ముసలాయన బోర్డు వంక మరోసారి చూసుకుని, అవసరమైన దానికన్నా పెద్ద గొంతుతో చెప్పాడు.

"నా నంబరే సార్. సూసుకొని అచ్చిన. కాశయ్యను."

రామ్‌దాస్ ముసలాయన మొహంలోకి పరీక్షగా చూశాడు. అప్పటికే ఇరవై గజాల అవతలికి పోయిన తువ్వాల మనిషి వీపు వంక చూస్తూ, తనలో తానే గొణుక్కున్నాడు.

"మరి గా చెవిటోడెవడు?"

తువ్వాల మనిషి ఎడ్లను ఆపి వెనక్కి తిరిగాడు.

"భోజన్న అంటరు సార్."