మూడో కర్ర

"మళ్ల గాడనే ఇరిగింది సారూ!"

పర్శరాములు విరిగిన అల్యూమినియం చంకకర్రను బల్ల మీద పెట్టాడు. మొదటిదాని లాగే ఇదీ అడుగున తొడిగిన రబ్బరు బూటుకు కొంచెం పైన తెగింది. ఈసారి అతను పడింది ఉడికే రంగు తొట్టి పక్కనే. కాస్త అటు ఒరిగి ఉంటే తొట్టిలోనే!

కరీంనగర్‌లో చంకకర్రలు తయారుచేసే లక్ష్మణ్‌రావు గొట్టంలోకి తొంగి చూశాడు. లోపలంతా గుంటలు, తెల్లటి పొడి.

"లోపల్నించి తిన్నది. ఏడ పనిజేస్తవ్?"

"సిరిసిల్లల. నూలుకు రంగులేసే కార్ఖానాల."

"రంగు పట్టనీకి ఉప్పు పోస్తరు గదా. నేలంత ఉప్పునీళ్లే. గీ బొక్కలకెళ్లి లోపలికి పోతున్నయి."

"ఉప్పుకే ఇరుగుతదా సారూ?"

"ఉత్త బరువైతే ఏండ్లకేండ్లు మోస్తది. ఒకదిక్కు ఉప్పు తినవట్టె, ఒకదిక్కు నువ్వు అడుగడుగుకు బరువేయవడితివి. సన్న పగులు వడి రోజింత సాగుతది. కండ్లకు కనవడదు. ఒకనాడు పుటుక్కుమంటది. కొత్తది ఇస్త గని, ఆ పని ఇడిశిపెట్టు."

పర్శరాములు కొత్త కర్ర చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. కుంటివాడని చూడకుండా ఊళ్లో నలుగురూ గౌరవమిచ్చింది ఆ పని చూసే.

బయట అరుగు మీద కూర్చున్న తల్లి బుచ్చవ్వ ఆత్రంగా లేచింది.

"ఏమన్నడు బిడ్డా?"

"పని బందువెట్టుమన్నడు."

"ఎందుకట?"

"నీకు జెప్పినా సమజ్ గాదు తియ్యే అవ్వా."

"నాకు తెల్వదా? దిష్టి! కర్రేసుకొని టకటక నడుస్తుంటే వాడంత కండ్లు వెట్టిండ్రు. నేను జేసేది జేస్తనే ఉన్న. ఐనా సాల్తలేదు."

అతను విసుగ్గా ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడే పని మానేశాడు. ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టాలిక. ఏడుపొచ్చింది. అయినా ప్రాణం దక్కిందిగా అని సర్దిచెప్పుకున్నాడు.

"ఇగ ఫికర్ లేదవ్వా. గీ కర్ర ఇరగదు," అంటూ దాన్ని తలుపుకు ఆనించి, గోడ పట్టుకుని స్నానానికి వెళ్లాడు.

బుచ్చవ్వ కొడుకు కోసం దేవుడికి దండం పెట్టుకుంది. కర్రను తలకిందులు చేసి రబ్బరు బూటు ఊడదీసింది.

ఈసారి దిష్టి ఉప్పు రెండింతలు పోసింది.