పొద్దుగూకే వేళ రాత

“పొద్దుగూకే యాల గిదేం రాతనే? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. చించెయ్!”

శ్రేయ తల్లి సరళాదేవి ఈమధ్యే చదవడం నేర్చింది. కూతురు రాసిన కథలో అన్న పాత్ర బైకు లారీ కింద పడిన చోట వేలు పెట్టి చూపిస్తోంది.

శ్రేయ నవ్వింది. యూనివర్సిటీలో ఆమె చదివేది కెమిస్ట్రీ. కథలు రాయడం అదనంగా తీసుకున్న మైనర్ సబ్జెక్టు.

“రేపు మేడంకియ్యాలె అవ్వా. ఆఖర్ల ఎవరన్న సస్తెనే మార్కులు పడతయ్.”

“మార్కుల కోసం మీ అన్నను సంపుతవా?”

“అన్న కాదు. పేరు వేరే పెట్టిన.”

“పేరే వేరు. బండి వానిదే, కొండగట్టు తొవ్వ గదే. వాడు పొద్దుగాల ఆడికే పాయె గద!”

“నీ భయం పాడుగాను” అంటూ శ్రేయ అన్న విక్రాంత్‌కు ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేసింది. స్విచ్ఛాఫ్.

“ఎత్తుతలేడా?”

శ్రేయ అవ్వ చేతిలోంచి కాగితం లాక్కుని చివరి పేరా కొట్టేసింది. లారీ పక్కనుంచి వెళ్ళిపోయిందని, అన్న ఇల్లు చేరాడని కింద రాసింది. అక్షరాలు వంకర పోయాయి.

చీకటి పడ్డాక వాకిట్లో బైకు ఆగింది.

“ఫోన్ల ఛార్జింగ్ అయిపోయింది. మొకాలు గట్ల పెట్టిండ్రేంది?” అన్నాడు విక్రాంత్, ప్రసాదం పొట్లం ఇస్తూ.

అవ్వ కొడుకు తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, కూతురి వైపు తిరిగింది. “వాడొచ్చిండు గద. ఇగ నీ ఇష్టమున్నట్టు రాసుకో బిడ్డా. మార్కులు పోతయ్.”

శ్రేయ పెన్నుకు మూత పెట్టింది.

“పోనీ అవ్వా.”