ఆరో నట్టు

"ఆరు విప్పినవ్. ఐదే బిగించినవ్," అన్నాడు మోషే.

సిద్ధిరాములుకు ఒళ్లు మండింది.

బొంబాయి పక్కన గైబీ నగర్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబర్లలో అతనంటే పేరు. ఈ ముసలాయన నూనె పోసే పనికి వచ్చి నెల కూడా కాలేదు. ఎక్కడివాడో, ఇదివరకు ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. ఎవరు సాంచె విప్పినా పక్కన ఎర్రగుడ్డ పరిచి, ఊడిన ప్రతి నట్టూ దాని మీద పెట్టి లెక్కబెడతాడు. అదో పిచ్చి!

"ఒకటి అరిగింది. పారేసి కొత్తది పెట్టిన."

"ఒక్కసారి నన్ను చూడనియ్యి బిడ్డా. బిగించినోనికి తప్పు కనవడదు. ఇంకొకడు చూడాలె."

"అరే, నడిపేటోడు నా సొంత తమ్ముడు! వాని సాంచె కచ్చా పని చేస్తనా?"

"సొంతోడైతే ఇంకోపాలి చూడాలె."

గుమ్మంలోంచి కార్ఖానా యజమాని విఠల్ సేఠ్ కేక వేశాడు.

"సిద్దీ! నాలుగింటికి కరెంటు వస్తది. ఐదింటికి టెంపో! ఏడో నంబర్ సాంచె నడవకపోతే ఆర్డర్ పాయె!"

మధ్యాహ్నం నుంచి అది నాలుగో కేక. పానా పట్టుకున్నప్పుడల్లా లేచి వెళ్లి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ కోపమంతా ముసలాయన మీద పడింది. సిద్ధిరాములు ఎర్రగుడ్డను కాలితో తన్నాడు.

"బాహర్ నికల్! మల్ల ఈ కార్ఖానల కనవడ్డవో, కాళ్లిరగ్గొడ్త!"

మోషే గుడ్డ తీసి దులుపుకున్నాడు. తలుపు పక్కన ఫ్యూజుల బోర్డు దగ్గర కాసేపు ఆగి, వెళ్లిపోయాడు.

"పోనియ్యి అన్నా, పాగల్ బుడ్డా," అని నవ్వాడు తమ్ముడు దత్తాత్రి.

నాలుగు కావస్తోంది. సిద్ధిరాములు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి, బీడీ కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

వేళ్లకు చల్లగా తగిలింది.

కొత్త నట్టు!

పెట్టలేదు. పెడదామనుకునేలోపు సేఠ్ పిలిచాడు. జేబులో వేసుకుని లేచాడు, అంతే.

నాడెను కొట్టే కట్టెను పట్టి ఉంచే నట్టది. ఆ కట్టె ఊడిందంటే, దారం మోస్తూ అటూ ఇటూ ఉరికే నాడె దారి తప్పి మనిషి మీదికే లేస్తుంది. దానికి రెండు వైపులా ఇనుప మొనలు. పక్క సాంచె నడిపే కనుకయ్య కన్ను నిరుడు అట్లాగే పోయింది.

అప్పుడే కరెంటు వచ్చింది. కార్ఖానా అంతా దడదడలాడింది.

"దత్తూ! బంద్ చెయ్యిరా! దత్తూ!"

ఆ మోతలో తన గొంతు తనకే వినపడలేదు. రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. తల్లి పోతూ పోతూ ఆ పిల్లవాడి చెయ్యి తన చేతిలోనే పెట్టింది.

"ఓ రాజన్న దేవుడా, వాని కండ్లు విడిచిపెట్టు. నావి తీస్కో!"

పడుతూ లేస్తూ లోపలికి వచ్చి పడ్డాడు.

దత్తాత్రి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు కళ్లూ ఉన్నాయి.

"అన్నా, మోటర్ తిరుగుతలేదు! అన్నీ నడుస్తున్నయి, గిదొక్కటే నడుస్తలేదు."

సిద్ధిరాములు బోర్డు దగ్గరికి ఉరికాడు. ఏడో నంబరు ఫ్యూజు లేదు. దాని చోట ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది.

అక్కడే కూలబడి, తమ్ముణ్ని దగ్గరికి లాక్కుని, ముఖమంతా తడిమి తడిమి ఏడ్చాడు.

ఆ ఏడుపుతోనే టెంఘర్ బస్తీకి పరుగెత్తాడు. మోషే ఉండే ఒంటిగది ఖోలీ తలుపు ఆయన తమ్ముని భార్య సాయమ్మ తీసింది.

"బావ పోయిండు. బ్యాగు వట్టుకొని ఇప్పుడే బస్సెక్కిండు."

"యాడికి?"

"చెప్పలే. ఎల్లగొట్టినప్పుడల్లా గింతే, ఇంకో ఊరు వట్టుకొని పోతడు. నువ్వొస్తవని చెప్పి గిదిచ్చిండు."

ఆమె చేతిలో ఫ్యూజు.

"నట్టు పెట్టినంక ఇంకొకనికి చూపియ్యమన్నడు."

సిద్ధిరాములు ఫ్యూజు అందుకున్నాడు. తల ఎత్తేసరికి గోడ మీద ఫొటో కనపడింది. ఖాకీ బట్టల్లో మోషే, పక్కన అచ్చం ఆయనలాంటివాడే ఇంకొకడు. వెనక విమానం తోక.

"గిదేంది అక్కా?"

"అన్నదమ్ములిద్దరు బొంబైల విమానాలు బాగుచేసేటోళ్లు. గా దినం గూడ జల్ది జల్ది అని ఒకటే ఒర్రుడు. బాగైందో లేదో చూద్దామని విమానం గాల్లకు లేపిండ్రు. అండ్ల మా ఆయన ఎక్కిండు. మల్ల దిగలే."

సిద్ధిరాములు ఫొటోకు దగ్గరగా జరిగాడు.

"నట్టు మరిచింది మా ఆయననే," అంది సాయమ్మ నెమ్మదిగా. "అది చూసి సంతకం పెట్టాల్సింది మా బావ. బిగించింది సొంత తమ్ముడే గదా అని, చూడకుండనే పెట్టిండు."